తొలకరికి శ్రీతాళం (తాటి జాతి పెద్ద చెట్టు) నాటబోతున్నారా? గుంట తీయకముందే ఇవి చూసుకోండి

చోటే అన్నిటికన్నా ముఖ్యం. పెద్దయ్యాక ఆకు 5 మీటర్ల దాకా విచ్చుకుంటుంది, కాడ 4 మీటర్ల దాకా సాగుతుంది. ఇంటికీ కరెంటు తీగలకీ 10 మీటర్లు వదలండి. 30 నుంచి 80 ఏళ్ల మధ్య ఒక్కసారే పూసి, కాయలు రాలాక చెట్టు చచ్చిపోతుంది. ఆ మాను కూలడానికీ జాగా ఉండాలి మరి!

గింజ వేస్తే లోతు కుండీ. మొలక ముందు కిందికి దిగి, తర్వాతే ఆకు పైకి పంపుతుంది.

నర్సరీ మొక్కైతే కవరు కోసేటప్పుడు మట్టిగడ్డ విడిపోనివ్వకండి, వేళ్లు తెగితే ఎదుగుదల ఆగుతుంది.

నల్లరేగడైతే మట్టి ఎత్తు చేసి నాటండి. నీరు నిలిస్తే లేత వేళ్లు కుళ్లుతాయి.

దగ్గర్లో పేడకుప్ప వద్దు. కొమ్ము పురుగు పెరిగేది అందులోనే. ఉన్న ఒక్క మొవ్వూ (నడినెత్తి చిగురు) తొలిచేస్తే మళ్లీ పిలకలు రావు.

కాడల అంచున ముళ్లుంటాయి, పిల్లలు తిరిగే దారికి దూరంగా.