రెండర్ మధ్యలో ర్యామ్ వేడెక్కుతుంటే ఏం చేయాలి?

ఏప్రిల్ దాటిందంటే హైదరాబాద్‌లో నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే రకం. అన్నీ రెండర్ గురించే, అంటే వీడియోనో త్రీడీ సీన్‌నో కంప్యూటర్ చివరి ఫైలుగా తయారుచేసే పని గురించే. "అన్నా, రాత్రి రెండర్ పెట్టి పడుకున్నా. పొద్దున లేచేసరికి బ్లూ స్క్రీన్. ప్రాసెసర్ టెంపరేచర్ మాత్రం బాగానే ఉంది." ర్యామ్ టెంపరేచర్ ఎంతుందని అడిగితే అవతల మౌనం. ఎడిటింగ్ వాళ్లకి, త్రీడీ వాళ్లకి మెషిన్లు బిగించే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ముందు అది చూడండి. కొనడం సంగతి తర్వాత.

కొత్త తరం ర్యామ్ అయిన డీడీఆర్5లో స్టిక్ (స్లాట్‌లో గుచ్చే ర్యామ్ పలక) మీదే టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక్కో స్టిక్‌కి ఒక్కో రీడింగ్ కనిపిస్తుంది. దాని ముందు తరం డీడీఆర్4లో మాత్రం సర్వర్ రకం ఈసీసీ (తప్పుల్ని సరిదిద్దుకునే) స్టిక్స్‌కి ఉంటుంది కానీ మామూలు వాటిలో చాలావాటికి ఉండదు. మీరు రోజూ చేసే అసలు పనినే ఒక గంట నడిపి, గరిష్ఠ రీడింగ్ రాసుకోండి.

ఎంతుంటే ఎక్కువ? మెమరీకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం చిప్ 85 డిగ్రీల దాకా మామూలుగా పనిచేయాలి. అది దాటి 95 దాకా వెళ్తే రిఫ్రెష్, అంటే ఛార్జ్‌ని మళ్లీ నింపడం, రెట్టింపు తరచుగా జరగాలి. ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక బుల్లి కెపాసిటర్‌లో ఛార్జ్‌గా ఉంటుంది, వేడికి ఆ ఛార్జ్ త్వరగా కారిపోతుంది. కాకపోతే ఇదంతా మామూలు స్పీడు సంగతి. ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపే రెడీమేడ్ సెట్టింగ్ ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి, 1.1 వోల్టుల దాన్ని 1.35కి ఎక్కించి 6000 స్పీడులో నడుపుతుంటే అంత వెసులుబాటు మిగలదు. నా లెక్కయితే 60 లోపు ఉంటే పట్టించుకోను. 70 తాకితే క్యాబినెట్ తెరుస్తాను.

ముందు పైసా ఖర్చు లేని పనులు. బయాస్‌లోకి (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌లలోకి) వెళ్లి క్యాబినెట్ ఫ్యాన్లు ఏ టెంపరేచర్‌ని బట్టి తిరుగుతున్నాయో చూడండి. చాలా బోర్డుల్లో అవి ప్రాసెసర్‌ని చూసి తిరుగుతాయి. గ్రాఫిక్స్ కార్డు మీద రెండర్ చేస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది. ఫ్యాన్లు నిద్రపోతుంటాయి, పెద్ద కార్డయితే నాలుగైదు వందల వాట్ల వేడిని క్యాబినెట్‌లోకే వదులుతుంటుంది. అది నేరుగా ర్యామ్ వైపుకి లేస్తుంది. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాన్లను కార్డు టెంపరేచర్‌కి ముడిపెట్టండి. లేదా బయాస్‌లో కనీస స్పీడు పెంచేయండి. స్పీడు 6000 నుంచి 5600కి దించి వోల్టేజీ కూడా తగ్గిస్తే మరికొంత చల్లబడుతుంది. రెండర్ టైములో ఆ తేడా చాలామందికి తెలియను కూడా తెలియదు. లైట్లున్న స్టిక్స్ అయితే లైట్లు ఆపేయండి. అందం పోతే పోయింది.

అయినా తగ్గకపోతే ఫ్యాన్. ఇక్కడో సంగతి ఉంది. మామూలు ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డులో స్టిక్స్ ముందు ఫ్యాన్ల గాలికి అడ్డంగా నిలబడతాయి. మొదటి స్టిక్‌కి గాలి తగులుతుంది, వెనక మూడూ దాని చాటున ఉంటాయి. అందుకే ముందు ఎన్ని ఫ్యాన్లు పెంచినా కొంతవరకే లాభం. గాలి సైడ్ డోర్ వైపు నుంచి బోర్డు మీదికి, స్టిక్స్ మధ్య సందుల్లోకి దిగాలి. ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ (నీళ్ల గొట్టాలతో వేడిని రేడియేటర్‌కి మోసేది) పెట్టుకున్నవాళ్లకి ఈ బాధ ఎక్కువ. ప్రాసెసర్ మీద నిలబడే టవర్ కూలర్ ఫ్యాన్ ర్యామ్ దగ్గర కాస్తైనా గాలి కదిలించేది, ఇప్పుడు అదీ లేదు.

92 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి తీసుకోండి. స్టిక్స్‌కి ఒకటి రెండు అంగుళాల ఎత్తులో, స్టికర్ ఉన్న వైపు బోర్డుకి ఎదురుగా ఉండేలా పట్టండి, గాలి అటే పోతుంది. రేడియేటర్ అంచుకో, పైనున్న ఫ్యాన్ స్క్రూ రంధ్రానికో కేబుల్ టైలతో బిగించి, ఊగకుండా చూసుకోండి. డీడీఆర్5లో వోల్టేజీని సరిచేసే చిప్ స్టిక్ మీదికే వచ్చేసింది, అది నడిమధ్యలో ఉంటుంది. కాబట్టి గాలి చివర్లకి కాకుండా మధ్యకి తగలాలి. స్పీడు సగానికి పెడితే చాలు, చప్పుడుండదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో ర్యామ్ కోసమే చేసిన క్లిప్ ఫ్యాన్లు కూడా అడిగి చూడొచ్చు. కాకపోతే వాటిలో చిన్న ఫ్యాన్లయితే గోల ఎక్కువ. నేను కేబుల్ టై మనిషిని.

హెచ్‌పీ జెడ్, డెల్ ప్రెసిషన్ లాంటి పెద్ద టవర్లలో, ముఖ్యంగా రెండు ప్రాసెసర్లవాటిలో, ర్యామ్ మీద ప్లాస్టిక్ తొడుగు, దానికి ఫ్యాన్లు ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే అవి ఉన్నాయో లేదో చూసుకోండి, చాలాసార్లు మాయమై ఉంటాయి. ఆ మెషిన్లలో చల్లగా ఉంటుందని సైడ్ డోర్ తీసి నడపకండి. తలుపు ఉంటేనే గాలి అనుకున్న దారిలో పోతుంది.

విడిగా అమ్మే హీట్‌సింక్‌ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. గాలి లేనిచోట అల్యూమినియం రేకు కూడా కాసేపటికి వేడెక్కి కూర్చుంటుంది. ఎనిమిది స్లాట్లూ నింపిన బోర్డులో లావు రేకులు సందుల్ని మూసేస్తాయి, అక్కడ బోసి స్టిక్సే నయం. అతికించి వచ్చిన రేకుని పీకకండి, జిగురుతో పాటు చిప్పులూ ఊడొస్తాయి. ర్యామ్‌కి వాటర్ బ్లాకులు (నీళ్లు పారించి చల్లబరిచేవి) కూడా ఉన్నాయి, సరదా అయితే పెట్టుకోండి.

బిగించాక టెస్ట్. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక్కటే సరిపోదు. అది నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉంటుంది, కాబట్టి రెండర్‌లో తప్పే ర్యామ్ అక్కడ పాసైపోతుంది. విండోస్‌లో టెస్ట్‌మెమ్5 అనే ర్యామ్ టెస్ట్ నడుపుతూ, పక్కనే ఫర్‌మార్క్ అనే గ్రాఫిక్స్ టెస్ట్‌తో కార్డుని వేడెక్కించండి. ఏసీ ఆపేసి, మిట్టమధ్యాహ్నం చేస్తే ఇంకా మంచిది. 50 డిగ్రీల దగ్గరే ఎర్రర్లు వస్తుంటే ఎక్స్‌ఎంపీ ఆపేసి మళ్లీ నడపండి. అప్పటికీ వస్తే అది వేడి సమస్య కాదు, కూలింగ్ మీద ఇంకో రూపాయి పెట్టకండి. స్టిక్స్ ఒక్కొక్కటే పెట్టి నడిపి, ఎర్రర్ చూపించినదాన్ని వారంటీకి పంపండి. రెండు మూడు స్టిక్స్ కలిపిన కిట్‌గా కొని ఉంటే మొత్తం సెట్ పంపమంటారు, కాబట్టి డబ్బా, బిల్లు పారేయకండి.