గ్యాస్ అలారం ప్యానెల్ మోగితే: సమస్య - పరిష్కారం

ఆసుపత్రి వార్డుల్లో పైపుల ద్వారా వచ్చే ఆక్సిజన్, వాక్యూమ్ (సక్షన్) ప్రెషర్ తేడా వస్తే హెచ్చరించే ప్యానెల్ ఇది. అది మోగగానే చాలామంది చెయ్యి ముందు మ్యూట్ బటన్ మీదికే పోతుంది. మ్యూట్ నొక్కితే శబ్దం ఆగుతుంది, ఎర్ర లైటు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ముందు రోగుల దగ్గరికి వెళ్లి వెంటిలేటర్లు, ఫ్లోమీటర్లు చూడాలి. అవసరమైతే వెంటనే సిలిండర్ పెట్టాలి.

తర్వాత జోన్ వాల్వ్ బాక్సులోని (ఆ వార్డుకి గ్యాస్ ఆపే వాల్వ్ ఉండే పెట్టె) గేజ్ చూడండి. గేజ్, ప్యానెల్ ఒకటే చూపిస్తే తేడా లైన్లో ఉన్నట్టు. గేజ్ సరిగా ఉండి ప్యానెల్ మాత్రమే తప్పు చూపిస్తే సెన్సర్‌నో వైరింగ్‌నో అనుమానించాలి. కాకపోతే సెన్సర్ వాల్వ్‌కి ఏ వైపున ఉందో, గేజ్ ఏ వైపున ఉందో ముందే తెలిసుండాలి. రెండూ చెరో వైపు ఉంటే, వాల్వ్ మూసినప్పుడు రెండూ వేర్వేరు అంకెలు చూపించడం మామూలే.

ఆక్సిజన్ ప్రెషర్ తక్కువ
లైను 4 బార్ దగ్గర నడుస్తుంటే, 20 శాతం తేడా వచ్చినప్పుడు, అంటే 3.2 కంటే తగ్గినా 4.8 దాటినా అలారం రావాలి. ఒక్క వార్డులోనే తగ్గితే జోన్ వాల్వ్ సగం మూసి ఉందేమో, ఎక్కడైనా లీక్ ఉందేమో చూడండి. అన్ని వార్డుల్లో తగ్గితే మానిఫోల్డ్ (సిలిండర్లను కలిపి లైనుకి ఇచ్చే చోటు) లేదా ట్యాంకు వైపు వెళ్లాలి.

రాత్రిపూట ప్రెషర్ ఎక్కువ, పగలు మామూలు
దీన్ని చాలామంది ప్యానెల్ తప్పు అనుకుని వదిలేస్తారు. సాధారణంగా తప్పు లైన్ రెగ్యులేటర్‌ది (ప్రెషర్‌ని తగ్గించి లైనుకి ఇచ్చే పరికరం). దాని సీటు (లోపల గ్యాస్‌ని మూసే భాగం) అరిగినా, మురికి పట్టినా గ్యాస్ కొద్దికొద్దిగా ముందుకు జారుతూనే ఉంటుంది. పగలు వాడకం ఉంటుంది కాబట్టి బయటపడదు. రాత్రి వాడకం తగ్గగానే ప్రెషర్ మెల్లగా ఎక్కుతుంది. అలారం సెట్ పాయింట్ (అలారం మోగే హద్దు) పెంచి అలారం ఆపడం ప్రమాదం. స్టాండ్‌బై రెగ్యులేటర్‌కి మార్చి, పాతదాన్ని సర్వీసుకు పంపాలి.

వాక్యూమ్ తక్కువ
సాధారణంగా వాక్యూమ్ 300 మిల్లీమీటర్ల పాదరసం కంటే తగ్గితే అలారం వస్తుంది. వాడకుండా తెరిచి వదిలేసిన సక్షన్ పాయింట్లు, నిండి పొంగిన సక్షన్ బాటిల్, మూసుకుపోయిన ఫిల్టర్, ఆ తర్వాత పంపు: ఈ వరుసలో చూస్తే టైమ్ కలిసొస్తుంది.

అంకె లేదు, ఎర్రర్ వస్తోంది
ప్రెషర్‌ని 4 నుంచి 20 మిల్లీఆంప్ కరెంటుగా పంపే సెన్సర్లలో ప్రెషర్ సున్నా అయినా 4 మిల్లీఆంప్ కరెంటు ఉంటుంది. మీటర్ సున్నా చూపిస్తే వైరు తెగినట్టో, టెర్మినల్ లూజైనట్టో. అంకె గంతులేస్తుంటే సిగ్నల్ కేబుల్ పవర్ కేబుల్‌తో కలిసి వెళ్తోందేమో, కేబుల్ చుట్టూ ఉండే షీల్డ్‌కి ఎర్త్ సరిగా ఉందో లేదో చూడండి.

సెన్సర్ మార్చాక టెస్ట్ బటన్ నొక్కి వదిలేస్తే సరిపోదు. ఆ బటన్ లైట్లనూ బజర్‌నూ మాత్రమే పరీక్షిస్తుంది. వార్డు సిబ్బందికి చెప్పి, సెన్సర్‌కి నిజంగా ప్రెషర్ తగ్గించి, అలారం మోగాకే ఆ పని అయినట్టు రాయండి.