చలిగాలిలో కాలేజీ డింగీ రేసు: వేళ్లు మొద్దుబారకముందే

జులై గాలిలో హుస్సేన్‌సాగర్ మీద పడవ నడిపినవాళ్లకు బోల్తా పడటం సరదా. బోస్టన్‌లో చార్లెస్ నది మీద, మార్చిలో, అది సరదా కాదు. అమెరికా కాలేజీ జట్ల వసంతకాలపు రేసులు సాగేది ఆ చలిలోనే. పడవలు ఎక్కువగా 420లు, ఎఫ్‌జేలు అనే చిన్న తెరచాప పడవలు (డింగీలు). చుక్కాని పట్టే స్కిప్పర్, తోడుండే క్రూ ఇద్దరే. ముందు ఉబ్బే పెద్ద తెరచాప స్పిన్నకర్ ఉండదు, తాడుకు వేలాడి పడవ బయటికి వాలే ట్రపీజ్ ఉండదు. గాలిని అదుపు చేయడానికి మిగిలేవి ఒంటి బరువు, తాళ్లు. ఆ తాళ్లు లాగాల్సింది వేళ్లే కాబట్టి ముందు వాటి సంగతి చూసుకోవాలి.

గాలి వెచ్చదనం చూసి బట్టలు వేసుకోవద్దు, నీటి చల్లదనం చూసి వేసుకోండి. ఒంటికి అంటుకునేది పాలియెస్టరో ఉన్నో కావాలి. నూలు బనియను తడిస్తే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. దాని మీద ఫ్లీస్, ఆపైన నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్, అన్నిటికీ పైన లైఫ్‌జాకెట్. జిప్పు చివరి అంగుళం దాకా మూసి, గొంతుక్కూర్చుని, మెడ పట్టీలో వేలు పెట్టి లోపలి గాలిని బయటికి పంపేయాలి. ఇది మరిచిపోతే నీళ్లలో పడ్డప్పుడు ఆ గాలి కాళ్లలోకి చేరుతుంది, కాళ్లు పైకి తేలి కదలడం కష్టమవుతుంది. మెడ, మణికట్టు పట్టీలు లేటెక్స్‌వైతే సన్‌స్క్రీన్ తగలనివ్వకండి, రబ్బరు పాడవుతుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగుతు బూటులో రెండు జతల ఉన్ని సాక్సులు తొడిగినా లాభం లేదు, రక్తం ఆడదు.

చేతులకు ఖరీదైన సెయిలింగ్ గ్లౌజుల కన్నా పల్చటి ఉన్ని గ్లౌజు మీద గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు నయం. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ పట్టు బాగుంటుంది, గాలి దూరదు.

గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగు రెట్లవుతుంది. పైగా 5 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలి కన్నా దాదాపు 9 శాతం బరువు. అందుకే 15 నాట్లన్న (గంటకు సుమారు 28 కి.మీ.) అంకె చూసి వేసవి లెక్క వేసుకుంటే మోసపోతారు. ఒడ్డునే, వేళ్లు వెచ్చగా ఉన్నప్పుడే, తెరచాపను చదునుచేసే ఔట్‌హాల్, కన్నింగ్‌హామ్ తాళ్లు గట్టిగా బిగించండి. ఎదురుగాలికి వెళ్లేటప్పుడు బూమ్‌ను (తెరచాప అడుగున ఉండే అడ్డకర్రను) కిందికి లాగిపట్టే వాంగ్ తాడు కూడా బిగించాలి. అప్పుడు పెద్ద తెరచాప (మెయిన్) తాడు మెయిన్‌షీట్ వదిలినా బూమ్ పైకి లేవదు, పక్కకే జరుగుతుంది. పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక సెంటర్‌బోర్డును కొంచెం పైకి లాగితే పడవ వాలడం తగ్గుతుంది. బరువైన క్రూ ఉంటే ఈ రోజే రేసులోకి దింపండి.

పెద్ద విసురు వచ్చేటప్పుడు నీటి మీద నల్లటి మచ్చ కనిపిస్తుంది. అది తాకాక స్పందిస్తే ఆలస్యమే. తాకడానికి ఒక క్షణం ముందే బయటికి వాలి, మెయిన్ అరడుగు వదలండి. పడవ వాలితే ముక్కు గాలివైపు తిరుగుతుంది, దాన్ని ఆపడానికి చుక్కాని తిప్పే కర్ర (టిల్లర్) లాగితే చుక్కాని బ్రేకులా పనిచేస్తుంది. ఓడిపోయేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఓడిపోతారు.

గాలి వచ్చే వైపు చివర ఉండే బోయ్ (పై మార్కు) చుట్టేముందు క్రూ వాంగ్ వదలాలి. లేకపోతే బూమ్ కొస నీళ్లకు తగులుతుంది, మెయిన్ ఇంక వదలలేరు, పడవ తిరగబడుతుంది. జైబ్ (వెనకగాలిలో తెరచాపను అటు నుంచి ఇటు మార్చడం) చేయాల్సింది అల మీద పడవ జోరుగా దూసుకెళ్తున్నప్పుడు. తెరచాపకు తగిలే గాలి అప్పుడే తక్కువ. భయపడి వేగం తగ్గాక చేస్తే బూమ్ విసురుగా వచ్చిపడుతుంది.

బోల్తా పడితే:

1. చల్లటి నీళ్లు తగలగానే ఊపిరి ఎగబీలుస్తుంది. మొదటి నిమిషం ఊపిరి కుదుటపరచుకోవడమే పని. పడవ మాత్రం వదలొద్దు.
2. ఒకరినొకరు పేరుపెట్టి పిలిచి, జవాబు వినండి.
3. షీట్లు (తెరచాప తాళ్లు), వాంగ్ వదిలేయండి. ఒకరు వెంటనే సెంటర్‌బోర్డు ఎక్కాలి, ఇంకొకరు పడవ లోపలివైపు పట్టుకుని ఉండాలి. పడవ లేచేటప్పుడు వాళ్లను తనతోనే ఎత్తుకుంటుంది.
4. వేళ్లు సరిగ్గా పనిచేసేది సుమారు పది నిమిషాలు. రెండు ప్రయత్నాలు విఫలమైతే సేఫ్టీ బోటును పిలవండి. ప్రమాదంలో ఉన్నవారికి బయటి సాయాన్ని రేసు నిబంధన 41 అనుమతిస్తుంది, మొహమాటపడొద్దు.

పడవ పూర్తిగా తలకిందులై తెరచాప స్తంభం (మాస్టు) బురదలో దిగితే బలంగా లాగకండి, వంగిపోతుంది.

ఒక్కో కాలేజీ జట్టులో ఎ, బి అని రెండు డివిజన్లు ఉంటాయి, అవి వంతులవారీగా పడవెక్కుతాయి కాబట్టి మధ్యలో ఒడ్డున నిలబడాల్సి వస్తుంది. అసలు చలి పట్టేది అప్పుడే. డ్రైసూట్ విప్పకుండా పైన వదులైన కోటు వేసుకోండి, ఉన్ని టోపీ పెట్టుకోండి, ఫ్లాస్కులోని తియ్యటి వేడి టీ తాగండి. ఎవరికైనా వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, వాళ్లను తర్వాతి రేసుకు పంపొద్దు.