గ్రీకు విషాద నాటకం చదవడం ఎలా? 4వ పాఠం: చాటింపా, చట్టమా?

కిందటి పాఠంలో కోరస్ పాటల దగ్గర ఎలా ఆగాలో చూశాం. ఈసారి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వాదించుకునే ఘట్టం. సోఫోక్లిస్ రాసిన 'ఆంటిగొని' (క్రీ.పూ. 441 ప్రాంతం) తీసుకుందాం. పంక్తుల సంఖ్యలున్న అనువాదం ఏదైనా సరే, 441 నుంచి 525 వరకు ఒకసారి చదివి రండి.

కథ తెలిసిందే. కథానాయిక ఆంటిగొని అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. తీబ్స్ గద్దె మేనమామ క్రెయాన్‌కు దక్కింది. ఆ ఇద్దరిలో నగరం మీదికి దండెత్తి వచ్చిన పోలినైసీస్ శవాన్ని ఎవరూ పూడ్చకూడదన్నాడు. ఆంటిగొని దాని మీద మట్టి చల్లి, కంచు చెంబుతో మూడుసార్లు ధార పోస్తుండగా కావలివాళ్లకు పట్టుబడింది.

దీన్ని 'మానవ చట్టానికీ దైవ చట్టానికీ పోరు' అని ఒక్క ముక్కలో తేల్చేయడం అలవాటైపోయింది. నేనూ చాలాకాలం అలాగే చెప్పుకొచ్చాను. ఆ ముక్కను కాసేపు పక్కన పెట్టి, 'చట్టం' అన్న మాట ఎవరి నోట, ఎప్పుడు వస్తోందో గమనించండి. ఈ పాఠంలో నేర్చుకోవలసింది అదే.

గ్రీకు మాటలు రెండు తెలిస్తే చాలు. 'కెరూక్స్' అంటే పాలకుడి మాటను ఊరంతా వినిపించేవాడు. వాడు వినిపించేది 'కెరూగ్మ', అంటే మన చాటింపు. 'నోమోస్' అంటే చట్టం, ఆచారం, కట్టుబాటు, అన్నీ.

447వ పంక్తి: ఇలా చేయకూడదని చాటించిన సంగతి తెలుసా అని క్రెయాన్ అడుగుతాడు. తెలుసు, తెలియకేం అంటుంది ఆంటిగొని. 449కి వచ్చేసరికి అతడి మాట మారింది: అయినా ఈ 'నోమోస్'లను మీరడానికి తెగించావా? నిన్నగాక మొన్నటి చాటింపు రెండు పంక్తుల్లో చట్టమై కూర్చుంది!

ఆంటిగొని సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. నాకు దీన్ని చాటింది దేవతల రాజు జ్యూస్ కాదంటుంది. నీ చాటింపులకు దేవతల రాయని, చెదరని కట్టుబాట్లను దాటే బలం లేదంటుంది. అతడి ఆజ్ఞ ఆమె లెక్కలో చాటింపే. ఈ పట్టు ఇప్పటిది కాదు, 8వ పంక్తిలోనే దాన్ని చాటింపు అంది. పైగా క్రెయాన్‌ను రాజు అనలేదు, సేనాపతి అంది.

అలాగని క్రెయాన్‌ను ఉత్త దుర్మార్గుడిగా చదవకండి. ద్రోహిని సొంత గడ్డలో పూడ్చనివ్వకపోవడం ఏథెన్స్ ప్రేక్షకులకు తెలియనిది కాదు, వాళ్ల చట్టంలోనే ఉంది. కానీ శవాన్ని పొలిమేర దాటించి పూడ్చుకునే వీలుండేది. క్రెయాన్ దాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలేశాడు.

ఒక హెచ్చరిక. అనువాదంలో రెండు మాటలకూ 'ధర్మం' అనే ఉంటే ఈ పెనుగులాట మాయమవుతుంది. అలాంటి ప్రతిని పక్కన పెట్టి మరొకటి వెతకండి.

అభ్యాసం: నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు క్రెయాన్, కుడివైపు ఆంటిగొని. 'చట్టం' వచ్చిన ప్రతి పంక్తి సంఖ్యా రాయండి. ముఖ్యంగా రెండు చోట్ల ఆగండి. 908 దగ్గర ఆంటిగొని తన పనికి ఆధారంగా ఒక 'నోమోస్'ను చెబుతుంది: భర్త పోతే మరొకడు దొరకవచ్చు, అమ్మానాన్నలు పోయాక తోబుట్టువు మళ్లీ పుట్టడు. ఇది దేవతల మాటలా ఉందా? ఇక 1113లో, అంతా చేజారుతున్నప్పుడు, నెలకొన్న చట్టాలను పాటించడమే మేలేమో అంటాడు క్రెయాన్. అవి ఎవరు నెలకొల్పినవి? మీ జవాబు పెన్సిలుతో రాసుకోండి. వచ్చే పాఠంలో గుడ్డి జోస్యుడు టైరీసియస్ వచ్చాక చెరపవలసి రావచ్చు.