పాత బోర్డో వైన్ కానుకగా ఇవ్వాలంటే ఎలా?

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్ సీసా కొనేటప్పుడు అందరూ ముందు ఎస్టేట్ పేరు, అంటే ఆ వైన్ తయారు చేసిన ద్రాక్షతోట పేరు వెతుకుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది సంవత్సరం. లేబుల్ మీద ఉండేది ద్రాక్ష కోసిన ఏడాది. 1982, 1990, 2000, 2005, 2009, 2010, 2016 మంచి ఏళ్లు. 1991 ఏప్రిల్‌లో మంచు పడి చిగుళ్లు మాడిపోయాయి, 1992ని వానలు ముంచేశాయి. కాబట్టి 1992లో పుట్టినవాళ్లకి పుట్టిన ఏడాది సీసానే ఇవ్వాలని పట్టుబట్టకండి. పెళ్లయిన ఏడాదో, పాప పుట్టిన ఏడాదో చూడండి.

ఇక ఎస్టేట్. 1855లో పారిస్ ప్రదర్శన కోసం ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ చేయించిన జాబితాలో రెడ్ వైన్ ఎస్టేట్లకి ఐదు తరగతులున్నాయి. ఆ తర్వాత అందులో చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే: 1973లో మూటోన్ రోత్‌షీల్డ్ రెండో తరగతి నుంచి మొదటికి ఎక్కింది. మొదటి తరగతి ధరలు వింటే కళ్లు తిరుగుతాయి. చరిత్రా కావాలి, జేబూ మిగలాలి అంటే 1826 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న లియోవిల్ బార్టన్ చూడండి. బోర్డోలోనే పోయాక్ అనే ఊళ్లో ఉన్న లించ్ బాజ్ జాబితాలో ఐదో తరగతే, రుచిలో మాత్రం కాదు.

డబ్బు కట్టేముందు సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. పాతికేళ్ల వైన్ మెడ కింది అంచు దాకా ఉంటే బంగారం. మెడ కింద సీసా వెడల్పయ్యే చోట, అంటే భుజంలో, సగానికి దిగితే వదిలేయండి. బిరడా పైకి పొడుచుకొచ్చిందంటే సీసాకి వేడి తగిలిందేమోనని అనుమానించాలి. లేబుల్ మీద తేమ మరకలకి మాత్రం కంగారు పడకండి, చల్లటి నేలమాళిగలో ఉందనడానికి అదీ ఒక గుర్తే. ఎక్కడ దాచారో అడగండి. 12, 13 డిగ్రీల చల్లదనంలో, పడుకోబెట్టి ఉంచితే మంచిది.

విదేశాల నుంచి హైదరాబాద్ తెస్తుంటే సుంకం లేకుండా మనిషికి 2 లీటర్ల దాకా మద్యం తేవచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వెళ్లేలోపు మే నెల ఎండలో కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి.

సీసాతో పాటు ఒక చీటీ కూడా పెట్టండి, దీన్ని మర్చిపోవద్దు. తెరిచే ముందు ఒకటి రెండు రోజులు నిలబెట్టమని రాయండి, మడ్డి అడుగుకి దిగుతుంది. ఒకసారి నేను ఆ ఓపిక లేక సీసా తెచ్చిన గంటకే తెరిచాను, గ్లాసు నిండా కాఫీ పొడిలాంటి మడ్డే. ముసలి బిరడా మామూలు స్క్రూకి పొడిపొడి అవుతుంది. రెండు పలచని రేకులున్న పనిముట్టుని పక్కల నుంచి దించి, మెల్లగా తిప్పుతూ లాగాలి. తర్వాత మెడ వెనక కొవ్వొత్తి పెట్టుకుని, ఆపకుండా నెమ్మదిగా జాడీలోకి వంచాలి. నల్లటి చార మెడ దగ్గరికి రాగానే చెయ్యి ఆపేయాలి. ముప్పై ఏళ్ల వైన్‌ని జాడీలో గంటల తరబడి ఉంచొద్దని కూడా రాయండి. గాలి తగిలే కొద్దీ వాసన ఎగిరిపోతుంది, కాబట్టి సరిగ్గా భోజనానికి కూర్చోబోయేటప్పుడే వంచుకోవాలి.