టామ్‌క్యాట్‌ను రీస్టార్ట్ చేసే ముందు: జావా వెబ్ అప్లికేషన్ల సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అప్లికేషన్ ఆగిపోయిందని ఫోన్ రాగానే చాలామంది ముందుగా సర్వర్‌ను, అంటే జావా వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్‌ను, రీస్టార్ట్ చేస్తారు. యూజర్ల ఇబ్బంది అప్పటికి తీరుతుంది. కానీ ఏ థ్రెడ్ (సర్వర్ లోపల ఒక్కో రిక్వెస్ట్ పనిని నడిపేది) ఎక్కడ ఇరుక్కుందో, డేటాబేస్ కనెక్షన్లు ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పే ఆధారం దాంతోపాటే పోతుంది. రేపు మళ్లీ అదే ఫోన్, అదే టెన్షన్. రెండు నిమిషాలు ఆగి ఆధారం తీసుకోండి, తర్వాతే రీస్టార్ట్ చేయండి.

లాగ్ చదివేటప్పుడు స్టాక్ ట్రేస్ (ఎర్రర్ దాకా కోడ్ ఏ దారిలో వచ్చిందో చూపే జాబితా) పై వరుస చూసి ఆగిపోకండి. అక్కడ సాధారణంగా సర్వ్‌లెట్ (రిక్వెస్ట్‌కు జవాబిచ్చే జావా క్లాస్) ఎక్సెప్షన్ అనో, బీన్ (ఫ్రేమ్‌వర్క్ తయారుచేసే ఆబ్జెక్ట్) తయారవలేదనో ఉంటుంది. అసలు సంగతి చాలాసార్లు అన్నిటికన్నా కింద ఉన్న 'కాజ్డ్ బై' దగ్గర దొరుకుతుంది.

పేజీ తిరుగుతూనే ఉంటుంది, 30 సెకన్లకు కనెక్షన్ దొరకలేదంటుంది

సీపీయూ ఖాళీగానే ఉంటుంది. మెమరీ బాగానే ఉంటుంది. అయినా ఏ పేజీ తెరుచుకోదు. హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి, అడిగినవాళ్లకు ఇచ్చే లైబ్రరీ) వాడుతుంటే 30000 మిల్లీసెకన్లు ఆగినా కనెక్షన్ అందలేదన్న మెసేజ్ లాగ్‌లో కనిపిస్తుంది. హికారీ డిఫాల్ట్‌గా ఇచ్చేవి 10 కనెక్షన్లు, ఎదురుచూసేది 30 సెకన్లు. టామ్‌క్యాట్‌లో డిఫాల్ట్‌గా 200 థ్రెడ్ల వరకు పనిచేస్తాయి. అంటే ఆ పది కనెక్షన్లు బిగుసుకుపోతే మిగతా రిక్వెస్టులన్నీ వాటి కోసం వరుసలో నిలబడాల్సిందే.

జెస్టాక్ కమాండ్‌తో థ్రెడ్ డంప్, అంటే ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా, తీయండి. సర్వర్ ఏ యూజర్ కింద నడుస్తోందో అదే యూజర్‌తో నడపండి. ఒక్కటి చాలదు, పది సెకన్ల తేడాతో మూడు తీయండి. మూడింటిలోనూ ఒకే వరుస దగ్గర ఆగి ఉన్న థ్రెడ్‌లను పట్టుకోండి. కనెక్షన్ కోసం ఎదురుచూసేవి బోలెడు కనిపిస్తాయి, వాటిని వదిలేయండి. తేల్చాల్సింది ఆ పది కనెక్షన్లు ఎవరి దగ్గర ఉన్నాయన్నది.

డేటాబేస్ పని చేస్తున్న థ్రెడ్ గానీ, బయటి సర్వీసు జవాబు కోసం ఆగిన థ్రెడ్ గానీ ఒక్కటీ కనిపించకపోతే అది లీక్. ఎవరో కనెక్షన్ తీసుకుని మూయకుండా వెళ్లిపోయారు. మామూలుగా బాగానే మూసి, ఎక్సెప్షన్ వచ్చిన దారిలో మాత్రం వదిలేసే కోడ్ ఎక్కువగా ఉంటుంది. అందుకే టెస్టింగ్‌లో దొరకదు. కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్ సెట్ మూడింటినీ ట్రై-విత్-రిసోర్సెస్‌లో (పని అయినా, ఎక్సెప్షన్ వచ్చినా తనే మూసేసే జావా బ్లాక్‌లో) పెట్టండి. కనెక్షన్ వదిలేస్తున్న కోడ్ ఎక్కడుందో తెలియకపోతే హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ పెట్టండి. గడువు దాటినా తిరిగి రాని కనెక్షన్‌ను ఎక్కడ తీసుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా అదే రాస్తుంది.

అలా కాకుండా పది థ్రెడ్లు సాకెట్ చదువుతూ ఆగి ఉంటే, కింది వరుసలు చూడండి. డేటాబేస్ డ్రైవర్ పేరు కనిపిస్తే క్వెరీ నెమ్మదిగా ఉంది, లేదా లాక్ కోసం ఆగింది. హెచ్‌టీటీపీ క్లయింట్ పేరు కనిపిస్తే ట్రాన్సాక్షన్ (డేటాబేస్ కనెక్షన్‌ను పట్టుకుని చేసే పని) మధ్యలో బయటి సర్వీసును పిలుస్తున్నారు. ఓటీపీ పంపడమో, పేమెంట్ స్టేటస్ అడగడమో అయి ఉంటుంది. జావాతో వచ్చే పాత హెచ్‌టీటీపీ యూఆర్‌ఎల్ కనెక్షన్‌కు డిఫాల్ట్‌గా టైమ్ అవుట్ లేదు. అవతలివాళ్లు జవాబివ్వకపోతే మన డేటాబేస్ కనెక్షన్ కూడా వాళ్లతోపాటే ఆగి ఉంటుంది. ఆ కాల్‌ను ట్రాన్సాక్షన్ బయటికి తీయండి. కనెక్ట్ టైమ్ అవుట్, రీడ్ టైమ్ అవుట్ రెండూ పెట్టండి.

పూల్ సైజు 10 నుంచి 100కి పెంచి చేతులు దులుపుకోవడం మాత్రం వద్దు. లీక్ ఉంటే గంటలో రావాల్సిన సమస్య సాయంత్రానికి వస్తుంది, అంతే. పైగా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ డిఫాల్ట్‌గా అనుమతించేది 151 కనెక్షన్లే. నాలుగు సర్వర్లలో తలా 50 పెడితే ఈసారి డేటాబేసే పొమ్మంటుంది.

పొద్దున మొదటి రిక్వెస్ట్ ఫెయిల్, రెండోది ఓకే

రాత్రంతా వాడని కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ తనే తెంచేస్తుంది. డిఫాల్ట్ గడువు 28800 సెకన్లు, అంటే 8 గంటలు. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే ఇంకా ముందే తెంచొచ్చు. పూల్‌లో కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షును ఆ గడువు కన్నా తక్కువ పెట్టండి. హికారీలో అది డిఫాల్ట్‌గా 30 నిమిషాలే కాబట్టి, అది వాడుతున్నా ఈ ఎర్రర్ వస్తుంటే ఫైర్‌వాల్ మీద అనుమానపడండి.

తెలుగు అక్షరాలు పాడైపోతున్నాయి

మన భాషలో ఫారం పెట్టిన ప్రతి ప్రాజెక్టులోనూ ఇది ఒకసారైనా వస్తుంది. కనిపించినచోటల్లా యుటిఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి, అంటే ఒక ఎన్‌కోడింగ్) అని రాసుకుంటూ పోతే ఒక్కోసారి కుదురుతుంది, ఎందుకు కుదిరిందో మాత్రం తెలియదు. అంతకన్నా సులువైన దారి ఉంది.

ఫారంలో 'తెలుగు' అని టైప్ చేసి పంపండి. సర్వ్‌లెట్‌లో ఆ స్ట్రింగ్‌ను కాకుండా దాని పొడవును లాగ్ చేయండి. లాగ్ చూసే టెర్మినల్‌కే ఎన్‌కోడింగ్ సమస్య ఉండొచ్చు, అంకె మాత్రం పాడవదు.

6 వస్తే సరిగ్గా అందినట్టే. త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం: మొత్తం ఆరు యూనికోడ్ గుర్తులు. తప్పు ఆ తర్వాత, అంటే డేటాబేస్‌లోనో, తిరిగి పేజీ పంపేటప్పుడో జరుగుతోంది.

18 వస్తే రిక్వెస్ట్‌ను తప్పుగా చదివారు. యుటిఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ఆ పద్దెనిమిది బైట్లను లాటిన్-1 (ఒక్కో బైటు ఒక్కో అక్షరమయ్యే పాత ఎన్‌కోడింగ్) అనుకుని విడివిడి అక్షరాలుగా చదివేశారు. స్క్రీన్ మీద నెత్తిన గీత ఉన్న 'ఎ' అనే ఇంగ్లిష్ అక్షరం ప్రతి మూడింటికోసారి కనిపించేది ఇందుకే. పోస్ట్ ఫారం డేటాకు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ ప్రకారం లాటిన్-1గానే చదువుతారు. మొదటి పారామీటర్ చదవకముందే రిక్వెస్ట్‌కు క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ పెట్టాలి. ఒక్క పారామీటర్ చదివాక పెడితే ఫలితం ఉండదు, ఎర్రర్ కూడా రాదు. కాబట్టి దీన్ని ఫిల్టర్‌లో (సర్వ్‌లెట్ కన్నా ముందు నడిచే కోడ్‌లో), అన్ని ఫిల్టర్ల కన్నా ముందు ఉంచండి.

42 వస్తే పేజీయే యుటిఎఫ్-8లో వెళ్లలేదు. ఆ పేజీ ఎన్‌కోడింగ్‌లో తెలుగు పట్టక బ్రౌజర్ ఒక్కో గుర్తునూ నంబరుగా మార్చి పంపింది. 'త'కు 3108, దానికి ముందు రెండు చిహ్నాలు, చివర సెమికోలన్: ఏడు అక్షరాలు, ఆరుసార్లు. పేజీని తయారుచేసే జేఎస్‌పీ ఫైల్‌లో పేజ్ ఎన్‌కోడింగ్ సరిచేయండి.

పొడవు 6 వచ్చి, డేటాబేస్‌లో మాత్రం ప్రశ్నార్థకాలు పడితే, ఆ డేటా ఇక తిరిగి రాదు. ప్రశ్నార్థకం రాసిన క్షణంలోనే అసలు అక్షరం పోయింది. ముందు ఆ ఫారంను ఆపండి. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి డిఫాల్ట్ యుటిఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యుటిఎఫ్-8 పేరు) అయింది, అంతకుముందు లాటిన్-1. డిఫాల్ట్ మారినంత మాత్రాన పాత టేబుళ్లు మారవు, వాటిని మీరే మార్చాలి. పేజీలో ఖాళీ డబ్బాలు కనిపిస్తే మాత్రం ఎన్‌కోడింగ్ జోలికి పోకండి. డేటా బాగానే ఉంది, ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేదు.

ఫైల్ నుంచి చదివినప్పుడే, అదీ లినక్స్ సర్వర్‌లోనే పాడవుతుంటే జావా వెర్షన్ చూడండి. జావా 18 నుంచి డిఫాల్ట్ యుటిఎఫ్-8. అంతకుముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఏది చెబితే అది. ఫైల్ తెరిచేచోట ఎన్‌కోడింగ్ స్పష్టంగా ఇవ్వండి.

టామ్‌క్యాట్ 10కి మారాక అన్నీ 404

వార్ ఫైల్ (అప్లికేషన్ మొత్తం ఉన్న ప్యాకేజీ) ఏ ఎర్రరూ లేకుండా డిప్లాయ్ అవుతుంది, కానీ సర్వ్‌లెట్లు దొరకవు. టామ్‌క్యాట్ 10లో సర్వ్‌లెట్ ప్యాకేజీ పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారింది. పాత పేరుతో రాసిన యానొటేషన్లను అది గుర్తించదు. ఇంపోర్టులు మార్చండి, లేదా ప్రస్తుతానికి టామ్‌క్యాట్ 9లోనే ఉండండి. ఫైండ్-రీప్లేస్‌తో జావాఎక్స్ అన్నవన్నీ మార్చేయకండి. జావాఎక్స్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ నేమింగ్ లాంటివి జేడీకేలో (జావాతోనే వచ్చే కిట్‌లో) భాగం, అవి అలాగే ఉండాలి.

క్లాస్ వెర్షన్ సరిపోలేదంటుంది

ఎర్రర్‌లో ఉన్న అంకెలోంచి 44 తీసేయండి. 61 అయితే జావా 17తో, 65 అయితే 21తో కంపైల్ చేశారు. సర్వర్‌లో అంతకన్నా పాత జావా నడుస్తోంది. టెర్మినల్‌లో కనిపించే వెర్షన్‌ను నమ్మకండి. సర్వీస్ ఫైల్‌లో ఉన్న జావా హోమ్ వేరే ఉండొచ్చు.

కంటైనర్ 137తో ఆగిపోయింది, లాగ్‌లో ఏమీ లేదు

137 అంటే బయటినుంచి కిల్ చేశారని. మెమరీ పరిమితి దాటినందుకు లినక్సే చంపేసి ఉంటే జావాకు చెప్పుకునే అవకాశం ఉండదు, అందుకే అవుట్ ఆఫ్ మెమరీ మెసేజ్ రాదు. కంటైనర్‌కు 1 జీబీ ఇచ్చి హీప్‌కు (జావా ఆబ్జెక్టులు ఉండే మెమరీకి) కూడా 1 జీబీ పెట్టడం దీనికి మామూలు కారణం. మెటాస్పేస్‌కు (క్లాసుల వివరాలు ఉండే చోటుకు), థ్రెడ్ స్టాక్‌లకు, బఫర్లకు హీప్ బయట చోటు కావాలి. హీప్‌ను 600 ఎంబీ దగ్గర మొదలుపెట్టి, మొత్తం వాడకాన్ని చూసుకుంటూ మార్చండి. హీప్ నిండినప్పుడు డంప్ రాసే ఆప్షన్‌ను కూడా అప్పుడే పెట్టి, ఆ ఫైల్ కంటైనర్ బయటి వాల్యూమ్‌లో పడేలా చూడండి.