నీరు తగ్గే చెరువులో చేపల లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల గొలుసుకట్టు చెరువుల్లో చాలావాటికి విస్తీర్ణం ఎక్కువ, లోతు తక్కువ. సెప్టెంబరులో మత్తడి (అలుగు) దూకిన చెరువే యాసంగి (రబీ) పంటకు తూములు తెరిచాక సగానికి పడిపోయి, ఏప్రిల్ నాటికి కట్ట పక్కన ఉన్న గుంటలోకి చేరుతుంది. అందువల్ల ఇలాంటి చెరువులో చేపల సంఖ్యను నిండు నీటిని చూసి కాక, తగ్గిన నీటిని చూసి నిర్ణయించాలి. చేపపిల్లలు వేసే రోజున చూపే శ్రద్ధ కన్నా చేపలు తీసే నెలల్లో చూపే శ్రద్ధే దిగుబడిని ఎక్కువగా నిర్ణయిస్తుంది. మేత వేయకుండా, చెరువులో సహజంగా పుట్టే ఆహారం మీదనే చేపలు పెంచే మత్స్య సహకార సంఘాలకు ఉపయోగపడేలా ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందుగా చెరువులోని చేపలను రెండు వర్గాలుగా చూడాలి. బొచ్చె, రవ్వ, మృగాల పారే నీటిలో గుడ్లు పెట్టే నది చేపలు కాబట్టి నిలవ నీటిలో సంతతిని పెంచుకోవు. మనం వేసినన్నే ఉంటాయి, తీసినకొద్దీ తగ్గుతాయి. జిలేబీలు (తిలాపియా), పరకలు, జెల్లలు, కొర్రమట్టలు, కొంతవరకు బంగారుతీగ (కామన్ కార్పు) చెరువులోనే పిల్లలు పెడతాయి. మొదటి వర్గాన్ని పిల్లల సంఖ్యతో అదుపు చేయవచ్చు గాని, రెండో వర్గాన్ని వలతోనూ, వేటాడే చేపలతోనూ మాత్రమే అదుపు చేయగలం.

పిల్లల సంఖ్యకు ఒక సులభమైన లెక్క ఉంది. రికార్డుల్లోని శిఖం (చెరువు ముంపు భూమి) విస్తీర్ణాన్ని పక్కన పెట్టి, నీరు నిండుగా ఉన్నప్పటి విస్తీర్ణానికీ, జనవరి నాటికి మిగిలే విస్తీర్ణానికీ సగటు తీసుకోవాలి. ఆ సగటు 40 ఎకరాలనుకుందాం. గత పట్టుబడులను బట్టి ఎకరానికి 150 కిలోలు రాగలవని అంచనా వేస్తే మొత్తం 6,000 కిలోలు. చేప సగటున ముప్పావు కిలో ఉన్నప్పుడు అమ్మాలనుకుంటే 8,000 చేపలు చేతికి రావాలి. వేసిన వందలో నలభై మాత్రమే బతుకుతాయనుకుంటే 20,000 పిల్లలు, అంటే ఎకరానికి 500 అవసరం. సారవంతమైన చెరువుకు ఈ సంఖ్యను పెంచవచ్చు. అయితే మేత లేని చెరువులో పిల్లల సంఖ్యను రెట్టింపు చేస్తే దిగుబడి రెట్టింపు కాదు, చేప సైజు తగ్గుతుంది, ధర అంతకన్నా తగ్గుతుంది.

2016-17 నుంచి తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం అమలు చేసిన ఉచిత చేపపిల్లల పథకంలో ఏడాది పొడుగునా నీరుండని చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలను, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలను కేటాయించారు. అయితే ఎత్తిపోతల కాలువల నీరు వచ్చే చెరువుల్లో ఇప్పుడు ఎండాకాలంలోనూ కొంత నీరు నిలుస్తోంది, ఆ నీటితో పాటు చిన్న చేపలను వేటాడే పాత కొర్రమట్టలూ వాలుగలూ నిలుస్తున్నాయి. అటువంటి చోట చిన్న పిల్లలను నేరుగా వదలడమంటే వాటికి మేత వేయడమే. ఒడ్డున సన్నకన్ను వలతో ఆవరణ కట్టి, తవుడు, వేరుశనగ చెక్క పెట్టి, పిల్ల వేలెడంత పొడవు దాటాక వదలాలి.

మత్తడి పారడం ఆగిన తర్వాతే పిల్లలను వదలాలి, మత్తడికి జాలీ ముందే బిగించి ఉండాలి. జాలీకి చెత్త పట్టి నీరు ఎగదన్నితే కట్టకే ముప్పు కాబట్టి పెద్ద వాన కురిసిన రోజున అక్కడ మనిషి కాపలా తప్పదు. పిల్లల సంచులు రాగానే మూడు నాలుగు విప్పి, సిబ్బితో ఒక్కో గిన్నెకు ఎన్ని పిల్లలు పడుతున్నాయో లెక్కించి మొత్తాన్ని అంచనా కట్టాలి. సరఫరా కాగితం మీది సంఖ్యను నమ్మి సంతకం చేసే అలవాటు మానుకోవడం మంచిది. సంచులను పావుగంట, ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, తర్వాత చెరువు నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి పోసి, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదేలా వంచాలి. ఈ పని ఉదయం చల్లటి వేళ జరగాలి.

రకాల పాళ్ల విషయంలో లోతు తక్కువన్న సంగతి మరువకూడదు. బొచ్చె పై నీటిలోనూ, రవ్వ నడిమి నీటిలోనూ, మృగాల, బంగారుతీగ అడుగునా తింటాయన్న సూత్రం సరైనదే గాని, నడుము లోతు నీటిలో ఈ అంతస్తులు దాదాపు కలిసిపోతాయి. బంగారుతీగ తిండి కోసం అడుగు బురదను తవ్వుతుంది. అది ఎక్కువైతే నీరు ఎర్రగా మారి, వెలుతురు లోపలికి దిగక, నీటి మొక్కలు చచ్చి, చెరువు ఏడాదంతా బురదగానే ఉంటుంది. అందుకే దాన్ని నాలుగో వంతుకు మించనివ్వవద్దని నా సలహా. నీటి మొక్కలు ఉన్నాయని, వాటిని తినే గడ్డిచేపను (గ్రాస్ కార్పు) విచ్చలవిడిగా వేయడం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే మొక్కలన్నీ పోయిన చెరువులో పోషకాలను ఆకుపచ్చని సూక్ష్మ నాచు అందుకుంటుంది. గుర్రపుడెక్కను మాత్రం మనుషులే తీయాలి.

జిలేబీ సంగతి వేరుగా చెప్పుకోవాలి. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టే దశకు చేరి, గుడ్లనూ పిల్లలనూ నోట్లో దాచుకుని కాపాడి, ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెట్టే ఈ చేప అరచేతి సైజులోనే నిలిచిపోయి చెరువు మేతనంతా తినేస్తుంది. చౌకగానైనా సరే, వారం వారం ఒడ్డు వెంబడి చిన్నకన్ను వలతో దాన్ని తీస్తూనే ఉండాలి. వలలో పడిన బొచ్చె, రవ్వ పిల్లలను వెంటనే నీటిలో వదలాలి. మన రాష్ట్ర చేప కొర్రమట్ట ఇక్కడ మంచి సాయం చేస్తుంది. బొచ్చె, రవ్వ వంటి కార్పు జాతి పిల్లలు వంద గ్రాములు దాటిన తర్వాత కొద్ది సంఖ్యలో వేస్తే అది పరకలనూ జిలేబీ పిల్లలనూ తిని, మంచి ధర కూడా తెస్తుంది. వానాకాలంలో ఒడ్డు గడ్డి దగ్గర నారింజ ఎరుపు చుక్కల్లాంటి పిల్లల గుంపు ఉడుకుతున్నట్టు కదులుతుంటే, దాని కిందనే తల్లీదండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. అక్కడ గాలం వేయడం సులభమే గాని, పెద్దది పోయిన గుంపును పరకలూ జెల్లలూ గంటల్లో మింగేస్తాయి. ఆ కొద్ది వారాలు గాలాలను ఆపేలా సంఘం తీర్మానం చేసుకోవాలి.

ప్రతి నెలా విసురు వలతో నాలుగైదు చోట్ల పట్టి, యాభై చేపలను రకాలవారీగా తూచి రాసుకోవాలి. రవ్వ, మృగాల తల పెద్దగా, వీపు నుంచి తోక దాకా సన్నగా కనిపిస్తే తిండి చాలడం లేదని అర్థం. అప్పుడు పెద్దవాటిని వెంటనే తీయాలి. అదే రోజు చేతిని మోచేతి దాకా నీటిలో ముంచి చూడాలి. మోచేయి మునగకముందే అరచేయి ఆకుపచ్చని నీటిలో కనిపించకుండా పోతే నాచు ఎక్కువైనట్టు. ఆ నాచు పగలు ప్రాణవాయువును ఇచ్చినా రాత్రంతా పీల్చుకుంటుంది కాబట్టి ప్రమాదం తెల్లవారుజామున వస్తుంది. ముసురు పట్టిన రోజుల తర్వాతా, వేసవిలో మొదటి గాలివాన బురదను కలిపినప్పుడూ చేపలు నోళ్లు తెరిచి పైకి వస్తే, మోటారుతో చెరువు నీటినే ఎత్తి చిమ్మాలి, పేడ, ఎరువుల వంటివేవీ పడనీయకూడదు. లీటరు నీటిలో ప్రాణవాయువు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే కార్పు చేపలు ఇబ్బంది పడతాయి.

ఇక తీయడం. మృగశిర కార్తెకు ధర బాగుంటుందని చేపలన్నింటినీ జూన్ దాకా ఆపడం మన ప్రాంతంలో మామూలే గాని, మేలో గుంట నీరు వేడెక్కి ఒక్క రాత్రిలో సరుకంతా తేలిపోయే అవకాశం ఉంది. నీరు పావు వంతు తగ్గిన ప్రతిసారీ చేపల బరువులో కూడా అంత భాగం బయటికి రావాలి. జనవరిలో ముందుగా పెరిగిన బొచ్చెలను, మార్చి నాటికి రవ్వను, నీరు మోకాలి లోతుకు రాకముందే మృగాల, బంగారుతీగలను తీయాలి. కార్తెకు కొర్రమట్టలనూ, నీరు భరించగలిగినన్ని కార్పులనూ ఉంచుకుంటే చాలు. తూము కింది రైతులతో జనవరిలోనే మాట్లాడుకుని, గుంటలో ఎంత నీరు మిగల్చాలో ఒప్పుకోవడం ఇందులో భాగమే.

చివరి గుంటను ఏం చేయాలన్నది అందులో ఏముందో చూసి తేల్చాలి. కొర్రమట్టలు, పరకలు, జెల్లలు ఉంటే వచ్చే ఏటి విత్తనం అవే కాబట్టి ఆ నీటిని వదిలేయాలి. జిలేబీలు నిండి ఉన్నా, మన దేశంలో పెంపకం నిషిద్ధమైన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కనిపించినా, మంచి చేపలను వేరే గుంటకు మార్చి, దీన్ని పూర్తిగా తోడి, నెర్రెలు విచ్చేదాకా ఎండనివ్వాలి.